అమ్మకు ఎడమ పక్కన

నేల మీద పరిచే వెడల్పాటి షత్రంజీ నేయాలంటే మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. ఒక్కరి చేతులు ఈ అంచు నుంచి ఆ అంచుకు అందవు. పక్కపక్కన కూర్చుని, ఎవరి సగం వాళ్ళు నేస్తూ, నడుమ దారాన్ని ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుంటూ పైకి పోవాలి. మా వరంగల్ కొత్తవాడలో దాన్ని జోడీ అంటారు. ఒకసారి జోడీ కుదిరిందంటే కుడివైపు వాళ్ళు కుడివైపే, ఎడమవైపు వాళ్ళు ఎడమవైపే. మా అమ్మది కుడి. ఎడమ నాది.

నాది అన్నాను కదా, నాదే. పెళ్ళై నర్సంపేట పోయి ఎన్నేళ్ళైనా, తమ్ముడి భార్య వచ్చి ఆ చోట కూర్చున్నా, నా లెక్కలో అది నాదే. పెళ్ళైన ఆడపిల్ల పుట్టింటి బంగారం మీద కన్నేస్తుందంటారు. నాకు బంగారం వద్దు. మగ్గం ముందు ఆ చెక్క మీద, అమ్మ మోచేయి తగిలేంత దూరంలో ఉన్న ఆ కాస్త చోటు కావాలి.

మా ఇంట్లో నా చేతికి పేరుండేది. నేను పంజా కొడితే గల్లీ చివరి కిరాణా దుకాణం దాకా వినపడేది. పంజా అంటే ఇనుప దువ్వెన లాంటిది, వేసిన దారాన్ని కిందికి దిగ్గొట్టడానికి. జోడీలో ఇద్దరి దెబ్బా ఒక్కటిగా ఉండాలి. ఒకరు గట్టిగా, ఒకరు మెత్తగా కొట్టారా, గట్టిగా కొట్టిన పక్క దారాలు దగ్గరపడి కురచవుతుంది, మెత్తగా కొట్టిన పక్క పొడుగు సాగుతుంది. అట్లా వంకర పోయిన షత్రంజీని ఎవరూ కొనరు. అమ్మా నేనూ నేసినవాటిలో వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదు. ఏ సగం ఎవరిదో తెలియాలంటే అమ్మ నిశాని వెతుక్కోవాల్సిందే. మొదలుపెట్టేటప్పుడు తన కుడి మూలలో ఒక ఎర్రదారం పోగు కలుపుతుంది అమ్మ. కొనేవాళ్ళ కంట అది పడదు.

మరదలిది పరకాల దగ్గర పల్లె. పత్తి చేన్లలో పెరిగింది. పెళ్ళికి ముందు మగ్గం ముఖం చూడలేదు. తమ్ముడికి ఆ సంబంధం ఖాయమైన రోజే అమ్మతో అన్నాను, "పత్తి ఏరే చెయ్యి పంజా ఏం కొడతదే" అని. అమ్మ నా మాట పట్టించుకోకుండా, "నేర్చుకుంటది తియ్యి" అంది. అంత తేలిగ్గా అనేసింది.

ఇక అసలు సంగతి. ఒకనాడు పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, హైద్రాబాద్ నుంచి పెద్ద ఆర్డరొచ్చింది. మన ఖిల్లల తోరణం బొమ్మ నెయ్యాల్నట. హాల్ల గోడకు ఏలాడదీస్తరట. అమ్మ ఇదొక్కటి నేసి మగ్గం దిగుతా అంటాంది."

"దిగుడేంది?"

"భుజం అరిగింది గదా. దవాఖానల డాక్టరు ఇగ బంద్ వెట్టుమన్నడు. నీకు ఫికరైతదని చెప్పలే."

నా నోట్లోంచి వచ్చిన తరువాతి మాట భుజం గురించి కాదు. "మరి జోడీ ఎవరు?" అన్నాను.

"ఎవరేందక్కా, మా ఆమెనే గదా" అన్నాడు. వాడికి అది అడగాల్సిన ప్రశ్నే కాదు. స్టవ్ మీద పాలు పొంగి కారిపోతున్నా నేను కదల్లేదు. అమ్మ చివరి షత్రంజీ. దాని ఎడమ సగం పరకాల పిల్లది. ఆదివారం అత్తాకోడళ్ళు ఖిల్లాకు పోతున్నారని కూడా అప్పుడే తెలిసింది. బస్సుల మీదా బోర్డుల మీదా దుకాణాల మీదా ఎక్కడ చూసినా ఉండే ఆ తోరణాన్ని, పడుగు కట్టే ముందు అమ్మ ఒకసారి తన కళ్ళతో చూస్తుందట. ఇది కూడా నాకు ఎవరూ చెప్పలేదు. నేను అడిగితే బయటపడింది.

"నేనూ వస్త" అన్నాను. తమ్ముడు ఒక్క క్షణం ఆగి, "రా అక్కా" అన్నాడు. ఆ క్షణం ఎందుకు ఆగాడో నాకు తెలుసు.

ఆదివారం పొద్దున నేను టిఫిన్ డబ్బా మూత ఎత్తి కొట్టి మూస్తుంటే మా ఆయన మోటారుకు తీగ చుట్టుకుంటూ తలెత్తాడు. ఆయనది బోరు మోటార్ల రిపేరు దుకాణం, ఇంటికి కూడా పని తెచ్చుకుంటాడు. "ఒక్కదినం కోట జూసొచ్చుడుకు గంత కోపమెందుకే?" అన్నాడు. నాకు కోపం లేదని చెప్పాను. డబ్బా మూత సొట్ట పోయింది.

బస్సులో ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్ తీసుకున్నాను. పక్కన ఒకామె ఎండుమిర్చి సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వరంగల్ వచ్చేదాకా తుమ్ముతూనే ఉన్నాను. తుమ్ముకూ తుమ్ముకూ మధ్య అమ్మను ఏమని అడగాలో మాటలు కూర్చుకున్నాను. "ఈ ఒక్కదానికి నేను కూసుంట" అంటాను. అంతే. నెల పట్టినా ఫర్వాలేదు. ఇంట్లో వంట ఆయన చేసుకుంటాడు, చేతులు లేవా ఆయనకి.

నేను పోయేసరికి అమ్మ గడప దగ్గర కూర్చుని తల దువ్వుకుంటోంది. "వచ్చినవా బిడ్డా" అంది. ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే లోపలికి తిరిగి, "బిడ్డా, నీళ్ళ సీస పెట్టినవా?" అంది. లోపల్నుంచి మరదలు "పెట్టిన అత్తమ్మా" అంది. బిడ్డ అనే మాటను మా దిక్కు ఎవరినైనా అంటారు, పాల ప్యాకెట్లు వేసే పిల్లను కూడా అంటారు, నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపు మండకుండా ఉంటుందా?

మరదలు ఒక సంచితో బయటికొచ్చింది. పైన మడత పెట్టిన పాత షత్రంజీ ఒకటి, నీలం చారలది. "కింద కూసోని తినొచ్చని" అంది నన్ను చూసి నవ్వుతూ. ఆ పిల్ల నవ్వు బాగుంటుంది. అదొక బాధ నాకు. కయ్యానికి దిగే మనిషైతే నాకు ఎంత సుఖంగా ఉండేదో. నన్ను చూడగానే చెంబుతో నీళ్ళు తెస్తుంది, వదినె వదినె అంటూ వెంట తిరుగుతుంది, ఒక్క మాట ఎదురు చెప్పదు. తిట్టుకోవడానికి కూడా సందివ్వని మనిషితో ఎట్లా వేగాలి?

ఆటోలో మొదట నేను ఎక్కాను, తర్వాత అమ్మ, చివర మరదలు. అంటే అమ్మకు ఎడమ పక్కన ఆమె. కావాలని చేసిందో లేదో తెలియదు. నా ముఖం చూసినట్టుంది, "ఇటు కూసుంటవా వదినె?" అంది జరగబోతూ.

"ఏడైతేంది, ఆటోనే గదా" అన్నాను. నా చోటు నాకు ఆమె ఇవ్వడమేమిటి?

అండర్ బ్రిడ్జి దాటి, శివనగర్ సందుల్లోంచి ఆటో ఖిల్లా దారి పట్టింది. ముందు మట్టికోట వస్తుంది. తెలియనివాళ్ళు దాన్ని గుట్ట అనుకుంటారు, చెట్లు మొలిచి, మేకలు మేస్తూ ఉంటుంది. అది దాటాక రాతికోట. దర్వాజా లోపల దారి తిన్నగా పోదు, రెండు పక్కలా ఎత్తైన రాతి గోడల నడుమ ఇటు మలుపు, అటు మలుపు తిరుగుతుంది. ఎదురుగా ట్రాక్టరు వస్తే ఆటో వెనక్కి పోవాలి. ఆ రోజు పాల బండి వచ్చింది. మా ఆటో వెనక్కి పోతుంటే అమ్మ, "ఆపు బిడ్డా, మేం గీడనే దిగుతం" అంది. చూశారా, ఆటోవాడు కూడా బిడ్డే.

అమ్మ గోడ దగ్గరికి పోయి నిలబడింది. నల్లటి రాళ్ళు, సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి వరుసలుగా పేర్చి ఉన్నాయి. మనుషులు ఆ గోడను చూసి ఎంత ఎత్తో అంటారు. అమ్మ వరుసలు చూస్తోంది. కుడిచేతితో ఎడమ నుంచి కుడికి ఒక వరుస వెంబడి గాలిలో గీస్తూ పోయింది, ఒకచోట ఆగింది. అక్కడ వరుస కొంచెం కిందికి జారి, పక్క వరుసతో కలవక, నడుమ చిన్న రాయి ఇరికించి ఉంది.

నేను చెప్పబోయాను. నిజంగా నోరు తెరిచాను. అంతలో మరదలు, "ఆడ ఇద్దరి చెయ్యి కలువలేదు అత్తమ్మా" అంది.

"ఔ బిడ్డా. అటు కట్టినోళ్ళు వేరు, ఇటు కట్టినోళ్ళు వేరు" అంది అమ్మ. ఆమె వైపు మెచ్చుకోలుగా చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. చిన్నప్పుడు దాని కోసం నేను రోజంతా మగ్గం దిగకుండా కూర్చునేదాన్ని. పత్తి ఏరే పిల్లకు అది గోడ దగ్గర ఊరికే దొరికింది.

తోరణాలున్న చోటికి నడిచాం. కోట లోపల ఊరే ఉంది, ఇళ్ళు, మడులు, గేదెలు, ఫోన్ రీచార్జి దుకాణం. దారి పక్కన గంపల్లో సీతాఫలాలు. నడుస్తూ ఎట్లాగైనా అమ్మకు ఎడమ పక్కకు పోవాలని చూశాను. ఒకసారి పోయాను కూడా. నాలుగు అడుగులు వేశామో లేదో అమ్మ సీతాఫలాలు చూడటానికి వంగి, లేచి, మళ్ళీ నడక మొదలుపెట్టేసరికి మరదలు ఎడమ పక్కన ఉంది, నేను కుడి పక్కన. ఎట్లా జరిగిందో అర్థం కాలేదు. రెండోసారి కనిపెట్టి చూశాను. మారేది మరదలు కాదు, అమ్మే. ఆ పిల్ల ఎక్కడుంటే దానికి కుడిగా సర్దుకుంటోంది, తనకు తెలియకుండానే. ఎడమ చెయ్యి ఎత్తి ఆమె భుజం మీద వేసింది.

తోరణం దగ్గర ఒక పెళ్ళిజంట ఫోటోలు దిగుతోంది. పెళ్ళికి ముందు దిగే ఫోటోలట. అమ్మాయి నేల ఊడ్చే గౌను, అబ్బాయి నల్ల కోటు, ఎండలో చెమటలు కారుతున్నాయి. ఫోటో తీసేవాడు, "అన్నా, వదినెను ఎత్తి జర తిప్పు" అంటాడు. ఆ అబ్బాయి బక్కగా ఉన్నాడు, పిల్ల ఆరోగ్యంగా ఉంది. సగం ఎత్తి దించేశాడు. పైన డ్రోన్ ఈగ లాగా మోగుతోంది. ఇంత గోలలో అమ్మ తల పైకెత్తి, నోరు కొంచెం తెరిచి, తోరణాన్నే చూస్తోంది. నేను జన్మలో ఎన్నిసార్లు చూశానో ఆ తోరణాన్ని. కానీ అమ్మ పక్కన నిలబడి చూస్తే వేరే. అంత రాయి నిలువుగా నిలబడి, అడ్డంగా పడుకుని, దాని మీద మళ్ళీ రాయి, దాని నిండా చెక్కిన పని, చివర్లలో మెడ తిప్పిన హంసలు, కిందికి వేలాడే మొగ్గలు. ఇదంతా చారలుగా, దారంగా ఎట్లా దించాలా అని నా బుర్ర కూడా పనిచేయడం మొదలుపెట్టింది. నా చేతులు కదిలాయి. నాకూ పని గుర్తుంది మరి.

"హంస మెడ కాడ..." అంది అమ్మ.

"రెండు ఇడ్సి" అంది మరదలు.

"ఊ. అంచు?"

"నల్లది వద్దు అత్తమ్మా."

"మరి గోధుమ..."

"ఆ, మొన్నటిది."

అంతే. వాళ్ళిద్దరికీ అర్థమైపోయింది. మొన్నటిది అంటే ఏది? రెండు విడవడం అంటే పోగులా, వరుసలా? ఒకప్పుడు ఆ సగం సగం మాటలు అమ్మకూ నాకూ మధ్య ఉండేవి. బయటివాళ్ళు వింటే పిచ్చివాళ్ళనుకునేవాళ్ళు. ఇప్పుడు ఆ బయటి మనిషిని నేనే. "హంసకు తెల్లదే మంచిగుంటదే అమ్మా" అన్నాను కొంచెం గొంతు పెంచి. అమ్మ, "ఆ, చూద్దాం బిడ్డా" అంది. ఫోటోవాడు నా వైపు తిరిగి, "అక్కా, జర ఫ్రేములకెల్లి పక్కకు జరుగుర్రి" అన్నాడు. ముగ్గురిలో నన్నే జరగమన్నాడు. వాడికి నేనేం చెప్పానో ఇక్కడ రాయను.

మధ్యాహ్నానికి కోటలోని ఖుష్ మహల్ దాటి ఒక వేపచెట్టు నీడలోకి పోయాం. మరదలు సంచిలోంచి షత్రంజీ తీసి పరిచింది. పరచగానే ఒక మూల మీద టిఫిన్ డబ్బా పెట్టింది. గాలికి లేవకుండా అనుకున్నాను. గాలి లేదు.

సర్వపిండి, పెరుగన్నం, మామిడి తొక్కు. తింటూ తింటూ, బస్సులో కూర్చుకున్న మాటలన్నీ మర్చిపోయి, ముద్ద నోట్లో ఉండగానే అనేశాను.

"అమ్మా, ఈ తోరణానికి నీ పక్కన నేను కూసుంట."

అమ్మ నమలడం ఆపింది. మరదలు తల వంచుకుని పెరుగన్నం కలుపుతోంది, కలిపిందే మళ్ళీ కలుపుతోంది.

"నెలరోజులుంట. ఆయనకు చెప్పే వచ్చిన" అన్నాను. చెప్పలేదు. "గిది నీ ఆఖరిదట గదా. మొదటిది నాతోనే నేసినవ్, ఆఖరిది గూడ నాతోనే నెయ్యి."

"తిను బిడ్డా ముందు" అంది అమ్మ.

తిను అంటే కాదు అని. నా తల్లి నాకు తెలియదా? అప్పుడు పడింది నా కన్ను కింద పరిచిన షత్రంజీ మీద. నేను కూర్చున్న కొస నుంచి చూస్తే చారలు తిన్నగా లేవు. కుడి పక్క నుంచి ఎడమ పక్కకు కిందికి దిగుతున్నాయి. ఎడమ అంచు కురచగా ఉంది, జానెడు తక్కువ. చెయ్యి పెట్టి చూశాను. కుడి సగం మెత్తగా ఉంది, ఎడమ సగం చెక్కలాగా ఉంది. ఎవరో కసికొద్దీ దిగ్గొట్టారు దాన్ని. ఎడమ పక్క. మరదలి పక్క.

నాకెంత ఆనందం కలిగిందంటే, నోట్లో ముద్ద కూడా తీయగా అనిపించింది.

"ఇదెవరు నేసిండ్రు?" అన్నాను, తెలియనట్టు.

మరదలు తలెత్తలేదు. "మేమే వదినె. నేనొచ్చిన కొత్తల" అంది.

"గందుకే. నా లెక్క కొట్టాలని చూసినవ్. నా లెక్క కొట్టుడంటే గుద్దుడు కాదు పిల్లా. సూడు, ఎడమ పక్కంత ఎట్ల బండబారిందో. షత్రంజీ నేసినవా, పామును సంపినవా? చేతగానోళ్ళే గిట్ల గుద్దుతరు." మొదలుపెట్టాక నా నోరు ఆగదు. అమ్మ వైపు తిరిగాను. "గీ చేతినా అమ్మా నువ్వు తోరణానికి పెట్టుకునేది? గంత దూరపోళ్ళ ఆర్డరు ఖరాబైతే?"

మరదలి చెవులు ఎర్రబడ్డాయి. ఏదైనా అంటుందేమోనని చూశాను, అంటే బాగుండు అనుకున్నాను. ఆమె చెయ్యి చాచి టిఫిన్ డబ్బాను ఆ మూల మీదికి ఇంకొంచెం జరిపింది.

"డబ్బా తియ్యి బిడ్డా" అంది అమ్మ.

"వద్దులే అత్తమ్మా."

"తియ్యమన్న గదా."

మరదలు డబ్బా ఎత్తింది. కురచగా, బండబారి ఉన్న ఆ అంచు మూలలో ఎర్రదారం పోగు. వెలిసిపోయింది, అయినా ఎర్రదే. అమ్మ నిశాని.

నాకు వెంటనే బుర్రకెక్కలేదు. ఎర్రదారం అమ్మ కుడి మూలలో ఉండాలి కదా, ఎడమ పక్క ఎందుకుంది అని చూస్తున్నాను.

"షత్రంజీకి పైనా కిందా ఉంటదా" అంది అమ్మ మెల్లగా. "రెండు దిక్కులా ఒక్కతీరే గదా. పిల్ల బోర్లా పరిచింది. కుడి ఎడమైంది. నువ్వు నిశాని చూడలే. చిన్నప్పుడైతే ముందు గదే చూస్తుండె."

చూసేదాన్నే. ఆ రోజు చూడాలనిపించలేదు.

"ఆ గుద్దింది నేను" అంది అమ్మ. "దానిది మెత్తని చెయ్యి. మంచి చెయ్యి. నువ్వు పోయినంక కూడ నా చెయ్యి నీతోనే కొట్టుకుంట పోయింది. నీదేమో ఎద్దు దెబ్బ. అన్నేండ్లు నీ దెబ్బకు సరిగా నా దెబ్బ పెంచుకుంట వచ్చిన. పక్కన నువ్వు లేవన్న సంగతి నాకు ఎరుకనే, ఈ చేతికి ఎరుక లేకపాయె. అప్పుడు నేసినవన్ని గిట్లనే వచ్చినయ్. గల్లీలోళ్ళందరు కొత్త కోడలికి చేతగాదన్నరు. ఈ పిల్ల ఒక్కనాడు గూడ నోరు తెరువలే, తప్పు అత్తమ్మదని చెప్పలే."

కుడి భుజాన్ని ఎడమ చేత్తో పట్టుకుంది. ఆ భుజం నా దెబ్బకే అరిగిందంటుందేమోనని నేను భయపడ్డాను. దాని గురించి ఏమీ అనలేదు.

"నీ చెయ్యి మర్చిపోనీకి నాకు ఏడాది పట్టింది బిడ్డా" అంది. "ఇప్పుడు నువ్వు కూసుంటే మళ్ళ యాదికొస్తది. యాదికొస్తే తోరణం వంకరైతది."

పెరుగన్నం నా చేతికి ఎండిపోయింది. అమ్మ లేచి, "నేను ఇంకోపాలి హంసను చూసొస్త, మీరు సర్దుర్రి" అని, ఎవరి భుజం పట్టుకోకుండా ఒక్కతే తోరణాల వైపు నడిచింది. పెళ్ళిజంట అప్పటికి వెళ్ళిపోయినట్టుంది, డ్రోన్ చప్పుడు లేదు.

చేతులు కడుక్కున్నాం. షత్రంజీ మడత పెట్టాలంటే ఇద్దరు కావాలి. చెరొక కొస పట్టుకుని లేపి దులిపాం. వేపాకులు రాలాయి. ఎదురెదురుగా నడిచొచ్చి అంచుకు అంచు కలపబోయాం. కలవలేదు. ఆమె చేతిలో ఒక మూల ఎక్కువ మిగిలింది, నా చేతిలో తక్కువ. మళ్ళీ వెనక్కి పోయి, సర్ది, మళ్ళీ వచ్చాం. మళ్ళీ అంతే.

ఆ పిల్లకు ఏదైనా మంచిమాట చెప్పాలని ఉంది. కానీ నేను పామును సంపినవా అన్న మాట ఆ చెట్టు కిందే తిరుగుతోంది. ఎర్రదారం ఉన్న మూల నా వేళ్ళ మధ్య ఉంది. గట్టిగా, దళసరిగా, నా దెబ్బ ఎట్లా ఉండేదో అట్లాగే. ఒక్కసారిగా అది నాకు కావాలనిపించింది, చిన్నపిల్లలకు అనిపించినట్టు.

"ఇది నేను తీస్కపోత" అన్నాను. "ఎట్లయిన అమ్ముడుపోనిదే గదా. మీకేం పని దీంతోని."

మరదలు తన కొసను వదల్లేదు.

"గిది ఇయ్య వదినె" అంది.

ఆ పిల్ల నన్ను కాదనడం అదే మొదటిసారి. నేను లాగాను. ఆమె కూడా లాగింది. కోట చూడటానికి వచ్చినవాళ్ళు ఎవరో మమ్మల్ని చూసుకుంటూ పోయారు.

"ఎందుకియ్యవ్?"

"అత్తమ్మ దీని మీదనే పంటది." ఆమె గొంతు మారింది. "నేనొచ్చినంక ఎన్ని నేసినం వదినె, ఎంత సక్కగ వచ్చినయ్. మంచిది ఒకటి ఇంట్ల ఉంచుదాం, మెత్తగుంటది, దాని మీద పండు అత్తమ్మా అని ఎన్నిసార్లు చెప్పిన. ఒక్కదాని మీద గూడ పండలే. గీ వంకరదే కావాలె. నా సగం గోడ దిక్కు, ఈ గట్టి సగం మీద తను. పొద్దున లేస్తే చారలన్ని చెంపకు దిగుతయ్. ఇయ్యాల సంచిల పెట్టుకస్తే గూడ, జాగ్రత్త బిడ్డా, చిరిగిపోతదన్నది." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నాకు దీన్ని చూస్తే కండ్లమంట వదినె. నువ్వొచ్చినప్పుడల్ల గూడ గంతే. నవ్వుతనే ఉంట గని."

నా కడుపు చల్లబడింది. దాచుకోవడం ఎందుకు, చల్లబడింది. ఇన్నేళ్ళు నీళ్ళ చెంబు అందిస్తూ నవ్విన ఆ నవ్వు వెనక నా లాంటిదే ఒకతి కూర్చుని ఉందని తెలిస్తే, ఆ పిల్ల మొదటిసారి నాకు నచ్చింది. అయినా కొస వదిలింది ముందు నేనే. ఆమె దాన్ని వంకరగానే మడత పెట్టి సంచిలో పెట్టుకుంది.

"పామును సంపినవా అన్న గదా, అది నన్నే తిట్టుకున్నట్టైంది" అన్నాను.

"ఔ వదినె" అంది ఆమె, నవ్వకుండా. "గట్టిగనే తిట్టుకున్నవ్."

సాయంత్రం ఆటోలో మరదలు ఎడమ పక్కన, నేను కుడి పక్కన, అమ్మ నడుమ. ఈసారి అటు చివరికి నేనే జరిగాను. అమ్మ సంచిలోంచి షత్రంజీ తీసి ఒళ్ళో పెట్టుకుంది, కుదుపులకు భుజం నొయ్యకుండా దాని మీద చేతులు ఆనించుకోవడానికి. దర్వాజా మలుపుల్లో ఆటో ఇటూ అటూ వాలుతుంటే, అమ్మ బొటనవేలు ఎర్రదారం మూలను వెతుక్కుని, ఆ గట్టి అంచు వెంబడి పైకీ కిందికీ పోతూ ఉంది. నేను చూశాను. అమ్మకు అవతల పక్క నుంచి మరదలూ చూస్తోంది.